సితార్ రాకముందు బీటిల్స్

పోయిన నెల ఒకరోజు మా బామ్మర్దిని ఎయిర్‌పోర్టులో దింపడానికి పొద్దున్నే గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కాం. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే పాటలు వాళ్ళవి అని మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్న రూలు. కాబట్టి అడగకుండానే 'ఎ హార్డ్ డేస్ నైట్' ఆల్బమ్ పెట్టేశాను. ఖణేల్‌మని ఆ మొదటి మోత మోగేసరికి ఫోన్లో బోర్డింగ్ పాస్ వెతుక్కుంటున్న మనిషి ఉలిక్కిపడి "ఏంటి బావా, ఏమైనా పగిలిందా?" అన్నాడు. నవ్వొచ్చింది, ఎందుకంటే రెండేళ్ళ కిందట మా పాప కూడా వంటింట్లోంచి అచ్చం ఇదే మాట అడిగింది, నాన్నా ఏం పడింది అని.

పాట మొదలయ్యాక తెలిసిపోయింది ఎవరో. "ఓ, బీటిల్సా. నాకూ ఇష్టమే గానీ బావా, ఈ మొదట్లోవి కాదు, ఇవన్నీ స్కూలు పిల్లల పాటలు, నువ్వంటే నాకిష్టం నేనంటే నీకిష్టం టైపు. అసలు బీటిల్స్ అంటే తర్వాతవి కదా" అన్నాడు. ఇదిగో ఈ ఒక్క మాటకి ఎయిర్‌పోర్టు దాకా వాదించాను, వాడికి ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయింది, అందుకే ఈ పోస్టు.

వాడి తప్పేం లేదులెండి. బీటిల్స్ అంటే అరవైల్లో ప్రపంచాన్ని ఊపేసిన ఇంగ్లండ్ లివర్‌పూల్ గ్రూపు, జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, డ్రమ్మర్ రింగో స్టార్, ఈ నలుగురూ. మన దగ్గర వాళ్ళ గురించి ఎవరు మాట్లాడినా కథ రిషికేశ్ నుంచే మొదలవుతుంది, 1968లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికొచ్చారు, జార్జ్ హారిసన్ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నాడు, చూశారా మన సంగీతం గొప్పదనం, అని. నేనూ కాలేజీలో అదే బాపతు. ముందు 1967 నాటి వాళ్ళ 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్ విని, నాకేదో అర్థమైపోయిందని ఫీలైపోయి, దానికి ముందొచ్చినవన్నీ సూట్లేసుకుని తలలూపే కుర్రాళ్ళ గోల అని తీసిపారేశాను. తర్వాతెప్పుడో ఆబిడ్స్ ఆదివారం మార్కెట్లో ఫుట్‌పాత్ మీద ఈ 'ఎ హార్డ్ డేస్ నైట్' పాత ఎల్పీ రికార్డు ఒకటి దొరికింది, కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ప్రెస్ చేసిన మన ఇండియన్ కాపీ, అట్ట మూలలు చెదలు తిన్నాయి గానీ లోపల రికార్డు పర్లేదు. పాటల కోసం కొన్నానని చెప్తే అబద్ధం, అట్ట మీది ఫోటోల కోసం కొన్నాను. నాలుగు వరుసలు, ఒక్కో వరుసలో ఒక్కో మనిషివి ఐదేసి మొహాలు, రాబర్ట్ ఫ్రీమన్ తీసినవి, వాటిలో ఒకచోట జార్జ్ మొహం బదులు తల వెనక భాగం ఉంటుంది. అది చూసి, వీళ్ళకి తమ మీద తామే జోకులేసుకోవడం తెలుసు అనిపించింది. ఇంటికెళ్ళి పెట్టుకున్నా, అంతే, అప్పట్నుంచీ నా ఓటు దీనికే.

ముందు ఈ రికార్డు ఏంటో చెప్తాను. 1964 జూలై 10న ఇంగ్లండ్‌లో పార్లోఫోన్ లేబుల్ మీద వచ్చింది, 13 పాటలు, మొత్తం కలిపి అరగంట. అదే పేరుతో రిచర్డ్ లెస్టర్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా కోసం చేసినవి మొదటి వైపు పాటలు, రెండో వైపువి విడిగా చేర్చినవి. ఇంగ్లండ్ చార్టులో 21 వారాలు నంబర్ వన్‌లో కూర్చుంది. వీటన్నిటికంటే నాకు పెద్ద విషయం అనిపించేది వేరే ఉంది, 13కి 13 పాటలూ లెనన్, మెకార్ట్నీ రాసుకున్నవే. ఇప్పుడు వింటే ఇందులో వింతేముంది అనిపిస్తుంది గానీ, ఆ రోజుల్లో ఇంగ్లండ్ బీట్ గ్రూప్ ఆల్బమ్ అంటే అమెరికా వాళ్ళ హిట్లు సగం తెచ్చి మళ్ళీ పాడ్డమే. బీటిల్స్ మొదటి రెండు ఆల్బమ్‌లలో కూడా 14 పాటలకి ఆరేసి బయటివాళ్ళవే. దీని తర్వాత అదే ఏడాది డిసెంబర్లో వచ్చిన దాంట్లో మళ్ళీ ఆరు బయటివే, అంటే అప్పటికి అలిసిపోయారన్నమాట. లెనన్, మెకార్ట్నీ పాటలు తప్ప ఇంకేవీ లేని ఆల్బమ్ వాళ్ళ మొత్తం లిస్టులో ఇదొక్కటే. అందులోనూ ఎక్కువ భాగం లెనన్‌వి, మెకార్ట్నీవి అని కచ్చితంగా అనదగ్గవి మూడు.

ఇక ఆ మొదటి మోత. రెండు మూడు సెకన్లు ఉంటుందేమో, దాని మీద అరవై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు జనం. జార్జ్ చేతిలో 12 తీగల రికెన్‌బ్యాకర్ ఎలక్ట్రిక్ గిటార్, అదే ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆ కంపెనీ ఓనరు తెచ్చిచ్చింది, అలాంటివి అప్పటికి ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తీగలు జంటలు జంటలుగా ఉంటాయి, కింది స్థాయి తీగలకి పక్కనే పై స్థాయిది ఒకటి కట్టుంటుంది, అందుకని మీటితే గిటార్‌కి ఎవరో గజ్జెలు కట్టినట్టుంటుంది. దాంతోపాటు లెనన్ మామూలు గిటార్, పాల్ బేస్ మీద ఇంకో స్వరం, ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ పియానో, అన్నీ ఒకేసారి పడతాయి. ఏ చేతిలోంచి ఏ స్వరం వచ్చిందో తేల్చడానికి కెనడాలో జేసన్ బ్రౌన్ అనే లెక్కల ప్రొఫెసర్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్, అంటే కలగలిసిన మోతని విడివిడి స్వరాలుగా విడగొట్టే లెక్క, వేసి మరీ చూశాడు, గిటార్లు ఒక్కటే కాదు లోపల పియానో కూడా ఉందని లెక్క తేల్చాడు. ఇంజనీరింగ్‌లో ఎం-త్రీ అనే లెక్కల సబ్జెక్టు సప్లీల మీద సప్లీలు రాసి గట్టెక్కిన నాలాంటి వాడికి ఈ ఫూరియర్ వల్ల ఉపయోగం ఉందని తెలిసిన మొదటి సందర్భం అది. కానీ లెక్క సంగతి వదిలేయండి, చెవితో వినండి. ఆ మోత ఎటూ తేలదు, సంతోషమా కంగారా చెప్పలేం, గాల్లో వేలాడుతుంది, ఈలోపు లెనన్ గొంతు వచ్చి లాక్కెళ్ళిపోతుంది. ఆల్బమ్ మొత్తానికీ స్వభావం అదే. నా వాదన కూడా అదే, అక్కడికే వస్తున్నా.

దానికి ముందు వీళ్ళ హడావుడి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇది తీరిగ్గా కూర్చుని చేసిన పని కాదు. జనవరిలో పారిస్‌లో ప్రోగ్రాములు చేస్తున్నారు, జర్మన్ మార్కెట్ కోసం రెండు పాత పాటల్ని జర్మన్లో పాడించారు, ఆ పని త్వరగా అయిపోతే మిగిలిన టైములో అక్కడే 'కాంట్ బై మీ లవ్' రికార్డు చేసేశారు. పల్లవితోనే ఎత్తుకోండి అని మార్టిన్ చెప్పిన సలహా, అందుకే ముందు మ్యూజిక్ లేకుండా తటాలున గొంతుతో మొదలవుతుంది. ఆ పాటలో గిటార్ సోలో వచ్చినప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, అసలు సోలో వెనకాల ఇంకో సోలో సన్నగా దెయ్యంలా వినిపిస్తుంది, మొదట వాయించింది పూర్తిగా చెరగలేదు, దాని మీదే కొత్తది ఎక్కించారు. ఫిబ్రవరిలో అమెరికా వెళ్ళారు, అక్కడి టీవీలో ఎడ్ సలివన్ షో, 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. తిరిగొచ్చిన వెంటనే 25వ తారీఖున, జార్జ్ 21వ పుట్టినరోజు కూడా అదే, స్టూడియోలో 'యూ కాంట్ డూ దట్' పాడుతున్నారు. మార్చి, ఏప్రిల్ షూటింగ్. టైటిల్ పాట కథైతే అందరికీ తెలిసిందే, రింగో నోరుజారి అన్న తిక్కమాట సినిమాకి పేరయింది, పేరు పెట్టాక పాట కావాలి కదా, లెనన్ రాత్రికి రాత్రి రాసుకొచ్చాడు, ఏప్రిల్ 16న ఒక్క పూటలో రికార్డింగ్ అయిపోయింది. మధ్యలో పై స్థాయి లైన్లు పాల్ ఎందుకు పాడాడంటే, లెనన్‌కి అంత పైకి గొంతు అందక. గిటార్, పియానో కలిసి వాయించిన ఆ సోలో వేగానికి చేతులు తిరగకపోతే టేపుని సగం స్పీడులో తిప్పి వాయించి తర్వాత మామూలు స్పీడుకి తెచ్చారు. జూన్ మొదటి రెండ్రోజుల్లో మిగిలిన పాటలు పూర్తి చేశారు, మూడో రోజు రింగో గొంతు ఇన్‌ఫెక్షన్‌తో పడిపోయాడు, నాలుగో రోజు అద్దె డ్రమ్మర్ని పెట్టుకుని డెన్మార్క్ విమానం ఎక్కారు.

ఇంత వింటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రిలీజ్ ముందు వారం గుర్తురావాలి. తేడా ఏంటంటే మన కోడ్‌లో ఆ తొందర బగ్గులుగా బయటపడుతుంది, వీళ్ళది ఊపుగా బయటపడింది. పేరు రాకముందు జర్మనీలో హాంబర్గ్ బార్లలో రోజుకి గంటల తరబడి, తాగుబోతుల ముందు, ఆపితే డబ్బులివ్వరు కాబట్టి వాయించీ వాయించీ వచ్చిన చేతులవి, ఒకడు ఊపిరి తీసుకుంటే పక్కవాడికి తెలిసిపోయేంత అలవాటు. బీట్ అనే పేరు ఊరికే రాలేదు, లివర్‌పూల్ గ్రూపులన్నిట్లో నాలుగు దెబ్బలూ సమానంగా, బరువుగా, వెనక్కి లాగకుండా నడిచే ఆ నడక ఉంటుంది, మనవాళ్ళు తీన్మార్‌కి కాలు కదపకుండా ఎలా ఉండలేరో ఇదీ అంతే, ముందు ఒంటికి పట్టాకే మనసుకి పడుతుంది. 'ఎనీ టైమ్ ఎట్ ఆల్' మొదట్లో రింగో తుపాకీ పేల్చినట్టు ఒకే ఒక్క దెబ్బ కొడతాడు చూడండి, ఆ ఒక్క దెబ్బతో పాట మొదలైపోతుంది, దానికి ముందు ఉపోద్ఘాతం లేదు. డ్రమ్మర్‌గా రింగోని వెక్కిరించే వాళ్ళకి నేను వినిపించేది ఇదే.

సరే, అసలు వాదనకి వస్తా. బామ్మర్ది అన్నది, ఇవన్నీ నువ్వంటే నాకిష్టం టైపు పాటలు అని. వాడు ట్యూన్ విన్నాడు, మాటలు వినలేదు. ఈ 13 పాటల్లో నిశ్చింతగా ప్రేమించేవాడు ఎక్కడున్నాడు? ఒకడు, వాడితో మళ్ళీ మాట్లాడావంటే వదిలేసి పోతా అని బెదిరిస్తాడు, పైగా ఊరంతా నన్ను చూసి నవ్వుతారు అని బాధ, అంటే పిల్ల పోతుందని కాదు పరువు పోతుందని. ఇంకొకడు, ఇప్పుడు ఏడుస్తా, తర్వాత తిరిగొచ్చి ఆడపిల్లలందరి గుండెలూ పగలగొడతా అంటాడు. ఇంకొకడు నాతో అబద్ధం ఎందుకు చెప్పావు చెప్పు చెప్పు అని బతిమాలతాడు, కానీ ముగ్గురూ కలిసి గొంతెత్తి ఎంత హుషారుగా బతిమాలతారంటే మనం చప్పట్లు కొడుతూ వింటాం. 'థింగ్స్ వీ సెడ్ టుడే'లో వాడు పక్కనే ఉన్న అమ్మాయితో, ముందు ముందు మనం దూరంగా ఉన్నప్పుడు ఇవాళ చెప్పుకున్న మాటలు గుర్తుకొస్తాయి అంటాడు, అంటే సుఖం చేతిలో ఉండగానే దాన్ని జ్ఞాపకంగా మార్చేసుకుంటున్నాడు. ఇవా స్కూలు పిల్లల పాటలు? ఇరవైలు దాటీ దాటని కుర్రాళ్ళు, ప్రపంచం మొత్తం వాళ్ళ పేర్లే అరుస్తుంటే, లోపల వదిలేస్తారేమో, నవ్వుతారేమో అని వణుకుతూ రాసినవి. ఆ వణుకుని కాలు ఆగని బీట్ మీద ఎక్కించి పంపారు. భయాన్ని భయంలా పాడటం తేలిక, తర్వాత్తర్వాత రాక్ వాళ్ళంతా అదే చేశారు, కళ్ళు మూసుకుని మెల్లగా పాడితే లోతు అనుకున్నారు. ఇక్కడ లోతు ఉందని చెప్పరు, మనం డ్యాన్సు చేస్తూ చేస్తూ అందులో కాలేస్తాం.

ఏమాటకామాట, ఆ బెదిరింపు పాట ఇవాళ వింటే ఇబ్బందిగానే ఉంటుంది. మా పాప పెద్దయ్యాక ఇలాంటి వాడు తగిలితే ఏం చెప్తానో నాకు బాగా తెలుసు. కానీ ఆ పాటలో గిటార్ సోలో లెనన్ తనే వాయించాడు, చేయి తిరిగిన వాయిద్యం కాదు, గీకినట్టు, పళ్ళు కొరికినట్టు ఉంటుంది, ఆ అసూయ ఎంత వికారమైనదో మాటలకంటే ఆ గీకుడే ఎక్కువ చెప్తుంది. అందుకని స్కిప్ చెయ్యను.

మూడో పాటకి వచ్చేసరికి బామ్మర్ది ఫోన్ పక్కన పెట్టాడు. 'ఇఫ్ ఐ ఫెల్'. మన డ్యూయెట్లకి అలవాటుపడ్డ చెవికి ఇది కొత్త, ఎందుకంటే మన దగ్గర ఆయనో లైను ఆవిడో లైను, మహా అయితే చివర్లో ఇద్దరూ కలిసి అదే ట్యూన్. ఇందులో లెనన్ కింద, మెకార్ట్నీ పైన, ఇద్దరూ ఒకేసారి, ఒకే మైకు ముందు నిలబడి, వేరువేరు ట్యూన్లు పాడతారు. ఏది అసలు ట్యూనో చెప్పలేం. రాసింది లెనన్, కాబట్టి కిందదే అసలుది అనుకోవాలి, కానీ మీరు విన్నాక హమ్ చేసి చూడండి, నోటికొచ్చేది పాల్ పాడిన పైదే. ఇంకో విషయం, రెండోసారి వచ్చే లైన్లో, మన ఈ కొత్త ప్రేమ కూడా వృథా అయిపోతే అనే మాట దగ్గర, పాల్ గొంతు పై స్వరం అందక చిట్లిపోతుంది. రెండు స్పీకర్లకి పంచిన స్టీరియో మిక్స్‌లో అలాగే వదిలేశారు, అంతా ఒక్కదాంట్లో కలిపిన మోనోలో అది దిద్దేశారు. 1987లో సీడీలు వచ్చినప్పుడు మొదటి నాలుగు ఆల్బమ్‌లూ మోనోలోనే ఇచ్చారు, 2009లో స్టీరియో వచ్చింది, ఇప్పుడు స్ట్రీమింగ్‌లో వినేది మామూలుగా అదే. నన్నడిగితే ఆ చిట్లింది ఉన్నదే అసలైన వెర్షన్. మళ్ళీ దెబ్బ తగుల్తుందేమో అని జంకుతున్న మనిషి పాటలో, సరిగ్గా ఆ మాట దగ్గరే గొంతు జారడం ఏ ప్రొడ్యూసరూ ప్లాన్ చేసి తేలేడు. కారులో ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి వినిపించాను, మూడోసారికి "ఆఁ, దొరికింది దొరికింది" అన్నాడు.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇంకోలా చెప్తాను. పాశ్చాత్యుల మేజర్, మైనర్ తేడా ప్రధానంగా గాంధారంలోనే, అంటే సరిగమల్లోని 'గ'లోనే ఉంది, శంకరాభరణంలో పలికే అంతర గాంధారం మేజర్, ఖరహరప్రియలో పలికే సాధారణ గాంధారం మైనర్. మనం రాగం ఎత్తుకున్నాక మామూలుగా ఒక గాంధారానికి కట్టుబడి ఉంటాం. వీళ్ళు ఈ ఆల్బమ్‌లో షడ్జమం కదపకుండా గాంధారాన్ని అటూ ఇటూ జరుపుతూ ఆడుకున్నారు. 'థింగ్స్ వీ సెడ్ టుడే' చరణాలన్నీ మైనర్‌లో దిగులుగా నడిచి, మధ్యలో ఒక్కసారిగా మేజర్‌లోకి తెరుచుకుంటుంది, మబ్బు పక్కకి జరిగినట్టు, మళ్ళీ మూసుకుపోతుంది. 'అండ్ ఐ లవ్ హర్'లో డ్రమ్స్ లేవు, రింగో బాంగోలు వాయిస్తాడు, జార్జ్ నైలాన్ తీగల గిటార్ మీటుతాడు, సోలో దగ్గర పాట మొత్తం అర మెట్టు పైకి జరుగుతుంది, పాటంతా మైనర్ నీడలో నడిచి ఆఖరి మీటు మాత్రం మేజర్‌లో పెట్టి వదిలేస్తారు. వీళ్ళెవరికీ నొటేషన్ చదవడం రాదు. చేతికి దొరికింది, చెవికి నచ్చింది, ఉంచేశారు.

అన్నీ బంగారమే అని నేననను. 'వెన్ ఐ గెట్ హోమ్' నాకు ఎప్పుడూ ఎక్కలేదు, అరుపు తప్ప లోపలేం లేదు. జార్జ్ పాడిన డ్యాన్సు పాట ముచ్చటగా ఉంటుంది, అంతకంటే చెప్పడానికేం లేదు. రింగోకి ఒక్క పాట కూడా ఇవ్వకపోవడం అన్యాయం. లెనన్ మౌత్ ఆర్గాన్ కూడా ఆల్బమ్‌లో రెండో పాట దగ్గర బాగుంటుంది గానీ అప్పటికే ఆ సౌండు వాళ్ళ పాత హిట్లలో అరిగిపోయింది. కానీ అరగంట రికార్డులో ఒకటో రెండో ఆకు తక్కువైతే ఎవరికి నొప్పి, నచ్చలేదు అనుకునేలోపే తర్వాతది వచ్చేస్తుంది.

'సార్జెంట్ పెప్పర్స్'తో పోల్చమంటారా, దాన్ని నేనిప్పటికీ వింటాను, గౌరవంగా వింటాను. 1966 చివర్నుంచి 1967 ఏప్రిల్ దాకా స్టూడియోలో కూర్చుని చెక్కిన బొమ్మ అది, ప్రతి మూలా నగిషీ. కానీ అందులో నలుగురూ ఒక గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నారన్న నమ్మకం నాకు కలగదు. 1964లో దిద్దుకోవడానికి చోటు తక్కువ, టైము అంతకంటే తక్కువ, కాబట్టి దాచుకోవడం కుదరలేదు. పెళ్ళికి కేటరింగ్ వాళ్ళు నలభై ఐటెమ్స్ పెడతారు, మర్నాడు ఏం తిన్నామో ఒక్కటీ గుర్తుండదు. అమ్మ హడావుడిగా పోపేసిన పప్పు గుర్తుంటుంది.

ఇంకోటి, కొత్తదనం అంతా తర్వాతి ఆల్బమ్‌లలోనే ఉందనే వాళ్ళకి. అమెరికాలో రోజర్ మెగ్విన్ అనే జానపద పాటల కుర్రాడు ఈ సినిమా థియేటర్లో చూశాడు, తెర మీద జార్జ్ చేతిలో ఆ 12 తీగల గిటార్ చూసి తనూ ఒకటి కొనుక్కున్నాడు, ఆ గజ్జెల మోత మీదే ద బర్డ్స్ గ్రూపు 1965లో జానపదానికి రాక్ కలిపిన ఫోక్ రాక్ అనే దారి తెరిచింది. స్కూలు పిల్లల పాటలకి ఇదంతా జరగదు కదా.

శంషాబాద్ ఎగ్జిట్ తీసుకునే సమయానికి ఆఖరి పాట, 'ఐల్ బీ బ్యాక్'. ఇంత హుషారు ఆల్బమ్‌కి ముగింపు ఇలా పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, ఎలక్ట్రిక్ గోల లేదు, మామూలు గిటార్లు, నన్ను ఏడిపిస్తే వెళ్ళిపోతా, కానీ మళ్ళీ నేనే వస్తా అనే మనిషి. సరైన పల్లవి కూడా లేదు, మధ్యలో వచ్చే ముక్కలు రెండు, అవి కూడా ఒకదానికొకటి వేరు. మొదట దీన్ని మూడు దెబ్బల నడకలో పాడబోయి, నోరు తిరగక మధ్యలో ఆపేశారు, ఆ పాడైపోయిన టేకు 1995లో వచ్చిన 'ఆంథాలజీ'లో ఉంది. తర్వాత నాలుగు దెబ్బల్లోకి మార్చుకున్నారు. గిటార్ ప్రతిసారీ ఒకసారి మైనర్ గాంధారం, ఒకసారి మేజర్ గాంధారం, ఒకసారి అది, ఒకసారి ఇది, అలా ఊగుతూ ఊగుతూ వాల్యూమ్ తగ్గిపోతుంది.

డిపార్చర్స్ దగ్గర ఆపాను. బామ్మర్ది బ్యాగు తీసుకుని, డోరు సగం తెరిచి, దిగకుండా అలాగే కూర్చుని విన్నాడు, సౌండు పూర్తిగా పోయేదాకా. "ఇంతకీ చివరికి మేజర్‌లో ఆగిందా బావా, మైనర్‌లోనా?" అన్నాడు. వెనక ట్యాక్సీ వాడు హారన్ కొట్టాడు, సెక్యూరిటీ అతను కారు తియ్యమని కర్ర ఊపుతున్నాడు.